బెజవాడ రేడియోలో భక్తి, హేతువు

విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రసారాలు ప్రారంభించింది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఆలిండియా రేడియోకు ఉన్నవి ఆరు కేంద్రాలే: ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, తిరుచిరాపల్లి, లక్నో. తెలుగు శ్రోతలు అప్పటిదాకా 1938 జూన్ 16న మొదలైన మద్రాసు కేంద్రం మీదా, నిజాం ప్రభుత్వం నడిపిన హైదరాబాదు దక్కన్ రేడియో మీదా ఆధారపడేవారు. మద్రాసులో తెలుగు తమిళంతో సమయం పంచుకునేది. దక్కన్ రేడియోలో పెద్దపీట ఉర్దూది. సమాచార ప్రసార శాఖ సర్దార్ పటేల్ చేతిలో ఉన్న ఆ రోజుల్లో కొత్త కేంద్రాలు వరసగా తెరుచుకున్నాయి. హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో కలిసిన రెండున్నర నెలలకు విజయవాడ వంతు వచ్చింది. తెలుగునేల మీద ఆలిండియా రేడియో నెలకొల్పిన మొదటి కేంద్రం ఇదే. దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న దానికి తోడుగా వచ్చి చేరింది.

ప్రజల సొమ్ముతో నడిచే రేడియో గుడికి వెళ్లేవారితో, చర్చికి వెళ్లేవారితో, మసీదుకు వెళ్లేవారితో, ఎక్కడికీ వెళ్లనివారితో ఒకే గొంతుతో మాట్లాడాలి. కృష్ణా డెల్టాలో ఆ పని తేలికైనది కాదు. నమ్మకాల విషయంలోనూ, నమ్మకాలను ప్రశ్నించడంలోనూ అంత దిట్టమైన ప్రాంతం తెలుగునాట మరొకటి లేదు. విజయవాడ కేంద్రం ఏ గొంతును ఏ దారిన లోపలికి రానిచ్చిందో, ఏ గొంతుకు దారి ఇరుకైందో గమనిస్తే ప్రభుత్వ ప్రసార వ్యవస్థ మతం పట్ల ఎలా నడుచుకుందో అర్థమవుతుంది.

రేడియోకు ముందు డెల్టా

1855లో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక కాలవల కింద వరి విస్తరించింది, పల్లెలు నిలదొక్కుకున్నాయి, పట్టణాలు పెరిగాయి. బడులు, అచ్చుయంత్రాలు, నాటక సమాజాలు, సభలు వాటి వెంట వచ్చాయి. ఇంద్రకీలాద్రి మీద కనకదుర్గ గుడి, అక్కడి దసరా ఉత్సవాలు ప్రాంతమంతటినీ బెజవాడకు రప్పించేవి. 1920ల్లో గుణదల కొండ మీద వెలసిన లూర్దుమాత క్షేత్రం ఫిబ్రవరి తిరునాళ్లకు అంతే పేరు తెచ్చుకుంది. 1937లో విజయవాడ కతోలిక మేత్రాసనం ఏర్పడింది. అంతకు చాలా ముందే, 1842లో గుంటూరుకు లూథరన్ మిషనరీ హేయర్ వచ్చారు. 1843లో మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ బడి పెట్టారు. ఊరి బయట బతుకుతున్న మాలమాదిగ పల్లెల్లోకి క్రైస్తవం బడితో, ఆసుపత్రితో కలిసి వెళ్లింది. మచిలీపట్నం రేవు, కొండపల్లి కోట చుట్టూ ముస్లిం జీవితం వేళ్లూనుకుంది. దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలు తెలుగే ఇంటిభాషగా పల్లెల్లో స్థిరపడ్డాయి. పీర్ల పండుగకు హిందువులు కూడా మొక్కులు చెల్లించేవారు. అమరావతి, భట్టిప్రోలు, ఘంటసాల, జగ్గయ్యపేటల్లోని బౌద్ధ శిథిలాలు ఈ నేల మీద ఇంకా పాత మతచరిత్ర ఒకటి ఉందని గుర్తుచేసేవి.

మతాన్ని నిలదీసే సంప్రదాయమూ ఇక్కడ బలమైనదే. తెనాలిలో సూతాశ్రమం కట్టుకున్న త్రిపురనేని రామస్వామి చౌదరి (1887–1943) సూతపురాణం, శంబూకవధ వంటి రచనల్లో పురాణాలను హేతుదృష్టితో తిరగరాశారు. తెలుగులోనే పెళ్లి జరిపించడానికి వివాహవిధి రచించారు. నాస్తికుడన్న కారణంగా 1933లో కాకినాడ పి.ఆర్. కళాశాలలో ఉద్యోగం పోగొట్టుకున్న గోరా (గోపరాజు రామచంద్రరావు, 1902–1975) తర్వాత మచిలీపట్నం హిందూ కళాశాలలో పాఠాలు చెప్పారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించారు. 1947లో అది విజయవాడ పటమటకు మారింది. కమ్యూనిస్టు ఉద్యమానికి, ప్రజానాట్యమండలికి కూడా ఈ జిల్లాలే ఆటపట్టు. రేడియో వచ్చేనాటికి డెల్టాలో భజన మందిరం, సువార్త కూటం, పీర్ల చావడి, హేతువాదుల సభ అన్నీ ఊరి జీవితంలో భాగమై ఉన్నాయి.

కట్టుబాట్లు

ప్రభుత్వ రేడియోలో మతానికి చోటు ఎంత అన్న ప్రశ్నకు ఇతర దేశాలు తలో జవాబు ఇచ్చుకున్నాయి. బ్రిటిష్ రేడియో 1923లోనే మత సలహాసంఘాన్ని ఏర్పరచుకొని, ఆదివారాలు చర్చి ప్రార్థనలు ప్రసారం చేసింది. అక్కడ క్రైస్తవం రాజ్యాంగ వ్యవస్థలోనే భాగం కనుక ఆ ఏర్పాటు చాలాకాలం నడిచింది. అమెరికాలో బోధకులు ప్రైవేటు రేడియోల సమయం కొనుక్కొని ప్రసంగించేవారు. భారతదేశానికి ఈ రెండు పద్ధతులూ సరిపడవు. 1950లో అమలైన రాజ్యాంగం రాజ్యానికి మతం అంటగట్టలేదు. ప్రతి పౌరుడికీ తన మతాన్ని పాటించే హక్కునిచ్చింది. ఆ రాజ్యం నడిపే రేడియో ఒక మతం తరఫున మాట్లాడితే మిగతావారికి అన్యాయం జరుగుతుంది. మతాన్ని పూర్తిగా వెలివేస్తే జనం పాటలో, కథలో సగం బయటే ఉండిపోతుంది.

ఆకాశవాణి నియమావళి కొన్నింటిని స్పష్టంగా నిషేధించింది. మతాలను గాని, వర్గాలను గాని దూషించకూడదు. హింసను రెచ్చగొట్టకూడదు. వాణిజ్య ప్రసారాలు మొదలయ్యాక మతపరమైన, రాజకీయపరమైన ప్రకటనలు తీసుకోకూడదన్న నిబంధన చేరింది. అంటే మతబోధకు సమయం అమ్మడం కుదరదు. అయితే ఈ కట్టుబాట్లన్నీ ఏం చేయకూడదో చెప్పాయి. ఏ మతానికి ఎంత సమయం ఇవ్వాలో, మతం లేనివారి ఆలోచనను ఎలా వినిపించాలో చెప్పలేదు. ఆ ఖాళీని నింపే బాధ్యత కేంద్రంలో పనిచేసే సంగీతజ్ఞులు, రచయితలు, కార్యక్రమ నిర్మాతల మీద పడింది. మతాన్ని బోధగా కాక కళగా ప్రసారం చేయడం వారు ఎంచుకున్న మార్గం. పాటకు రాగతాళాలు, గొంతు కొలత. ప్రసంగానికి భాష, కథనం కొలత. ఈ కొలతే విజయవాడ రేడియో ఘనతకు, దాని పరిమితులకు కూడా మూలం.

ఉదయపు భక్తిరంజని

1952 నుంచి పదేళ్లు సమాచార ప్రసార మంత్రిగా ఉన్న బి.వి. కేస్కర్ సినిమా పాటను రేడియోలో బాగా తగ్గించి, శాస్త్రీయ సంగీతానికి ప్రాధాన్యమిచ్చారు. కళాకారులకు స్వరపరీక్షలు పెట్టి శ్రేణులు నిర్ణయించే పద్ధతి ఆయన కాలంలోనే స్థిరపడింది. సినిమా పాట కోసం శ్రోతలు రేడియో సిలోన్ వైపు మళ్లారు. అక్కడ మధ్యాహ్నపు తెలుగు పాటలు వినిపించిన మీనాక్షి పొన్నుదురై గొంతు ఇంటింటికీ పరిచయమైంది. ఆ శ్రోతలను తిరిగి రప్పించడానికి ఆకాశవాణి 1957 అక్టోబరు 3న వివిధభారతి ప్రారంభించింది. మరోవైపు ప్రాంతీయ కేంద్రాలు తేలికగా పాడుకోదగ్గ లలిత సంగీతాన్ని, భక్తి సంగీతాన్ని సొంతంగా తయారుచేసుకున్నాయి. విజయవాడ భక్తిరంజని ఆ వాతావరణంలో ఎదిగిన కార్యక్రమం.

దానికి రూపు దిద్దినవారిలో బాలాంత్రపు రజనీకాంతరావు (1920–2018), మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016) పేర్లు ముందు వస్తాయి. 1941లో మద్రాసు రేడియోలో చేరిన రజనీకాంతరావు కవి, స్వరకర్త, సంగీత చరిత్రకారుడు. ఆయన ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. తాళపత్రాల్లో, భజన మందిరాల్లో, ముసలివారి గొంతుల్లో మిగిలిన పదసాహిత్యం ఆయనకు కొట్టిన పిండి. బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం వంటి విద్వాంసులు ఆ సాహిత్యానికి ప్రాణం పోశారు. రామదాసు కీర్తనలు, అన్నమయ్య పదాలు, నారాయణతీర్థుల తరంగాలు, సదాశివ బ్రహ్మేంద్రుల కీర్తనలు, అధ్యాత్మ రామాయణ కీర్తనలు, సూర్యుడి మీద మేలుకొలుపులు పొద్దున్నే ఇళ్లలో, హోటళ్లలో, పంచాయతీ రేడియోల్లో మోగేవి. పాట వినిపిస్తే టైమెంతో చెప్పగలిగేంతగా జనం దినచర్యలో అది కలిసిపోయింది.

భక్తిరంజనిలో గుడి సంగీతంతో పాటు తత్త్వాలకు కూడా గౌరవస్థానం దక్కింది. కులాన్ని, ఆడంబరాన్ని, పైపై పూజలను ఎండగట్టే ఈ పాటలు శతాబ్దాలుగా బైరాగుల నోట, కూలిజనం నోట బతికాయి. తత్త్వాలకు పేరొందిన పోతులూరి వీరబ్రహ్మం శిష్యుల్లో ప్రసిద్ధుడైన సిద్ధయ్య దూదేకుల కులస్థుడు. బాలమురళీకృష్ణ వంటి మహావిద్వాంసుడు తత్త్వాలు పాడడంతో తంబూరా పట్టుకొని వీధిలో తిరిగే బైరాగి పాటకు శాస్త్రీయ వేదిక దొరికింది. భక్తి పేరున వచ్చిన కార్యక్రమంలోనే మతాచారం మీద విమర్శ కూడా వినిపించేదన్నమాట.

రేడియో సంగీతంలో ఇచ్చిపుచ్చుకోవడం ఇంకా లోతైనది. తెల్లవారుజామున వినిపించే ఆకాశవాణి సంకేత సంగీతం, హిట్లర్ పాలనను తప్పించుకొని బొంబాయి చేరిన యూదు సంగీతజ్ఞుడు వాల్టర్ కౌఫ్‌మన్ కూర్చినదిగా ప్రసిద్ధి. దాని తర్వాత వచ్చే మంగళవాద్యాల్లో నాదస్వరం ముఖ్యం. కోస్తా జిల్లాల్లో ఆ వాద్యానికి దిక్కుగా నిలిచినవి ఎక్కువగా ముస్లిం కుటుంబాలు. చిలకలూరిపేట, కరవది వంటి ఊళ్లలో తరతరాలుగా వారు దేవాలయ సేవలో వాయించారు. కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా (1924–1999) శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. ఈ సంబంధాన్ని రేడియో కొత్తగా సృష్టించలేదు. ఊరిగుడి గోపురం కింద ఉన్నదాన్ని దేశమంతా వినేలా చేసింది.

క్రైస్తవ గీతాలకు, ముస్లిం గీతాలకు కూడా ఆకాశవాణి భక్తి సంగీతంలో చోటుంది. క్రిస్మస్, రంజాన్, బక్రీద్ రోజుల్లో ప్రత్యేక కార్యక్రమాలు వస్తాయి. తెలుగు క్రైస్తవ కీర్తన రేడియోకు పరాయి వస్తువేమీ కాదు. పురుషోత్తమ చౌదరి (1803–1890) నాటి నుంచీ చాలా ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు కర్ణాటక రాగతాళాల్లో వచ్చాయి. అయినా సమయంలో సమానత రాలేదు. కళను కొలతగా పెట్టుకున్నప్పుడు, అప్పటికే కచేరీ వేదికకు అలవాటుపడిన మతసాహిత్యానికి తలుపు బార్లా తెరుచుకుంటుంది. త్యాగరాజు, రామదాసు, అన్నమయ్యల భక్తి కర్ణాటక సంగీతంలోనే ఇమిడి ఉంది కనుక, అది మత కార్యక్రమంగా గాక సంగీత కార్యక్రమంగా కూడా రోజంతా వినిపించగలదు. చర్చి కూటంలో గొంతులన్నీ కలిసి పాడే పాటకు, దర్గాలో పాడే పాటకు శ్రేణి పొందిన విద్వాంసులు తక్కువ, విడిగా కేటాయించిన వేళలే దిక్కు. ఎవరూ పక్షపాతం తలపెట్టనక్కర్లేకుండానే తరాజు ఒకవైపు మొగ్గింది.

ఉషశ్రీ, ధర్మసందేహాలు

1970ల్లో విజయవాడ కేంద్రం మతాన్ని వచన రూపంలో వినిపించడంలో కొత్త ఒరవడి పెట్టింది. ఉషశ్రీగా పేరొందిన పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు (1928–1990) కథలు, నవలలు రాసిన రచయిత, పత్రికల్లో పనిచేసినవారు. రేడియోలో ఆయన రామాయణ, భారత, భాగవతాలను ఉపన్యాసాలుగా చెప్పారు. హరికథలో ఉండే పాట, నృత్యం, గజ్జెల మోత గాని, పురాణ ప్రవచనంలో ఉండే శ్లోకం, ప్రతిపదార్థం గాని వాటిలో ప్రధానం కావు. చదువురాని శ్రోతకు కూడా అందే వాడుకభాషలో, మైకు ముందు ఒక్కరితో మాట్లాడుతున్నట్టు ఆయన కథ నడిపేవారు. వాక్యం విరుపు, గొంతు ఎత్తు, మౌనం ఆయనకు వాద్యసహకారం.

ఆదివారం మధ్యాహ్నం వచ్చిన ధర్మసందేహాలు కార్యక్రమం మరో అడుగు ముందుకు వేసింది. శ్రోతలు ఉత్తరాల్లో ప్రశ్నలు పంపేవారు, ఉషశ్రీ జవాబు చెప్పేవారు. పురాణకథల్లో ధర్మం ఎక్కడుందని అడిగేవారు కొందరైతే, ఆచారాల సంగతి అడిగేవారు మరికొందరు. ఊళ్లో పురాణం చెప్పే పండితుణ్ణి అందరూ నిలబెట్టి ప్రశ్నించగలిగే రోజులు కావవి. పోస్టుకార్డు ఆ అవకాశం ఇచ్చింది. స్త్రీలు, పిల్లలు, గుడి లోపలికి రానివ్వని కులాలవారు కూడా రేడియో ముందు సమానులైన శ్రోతలు. భద్రాచలంలో శ్రీరామనవమి నాడు జరిగే సీతారామ కల్యాణానికి ఉషశ్రీ చెప్పిన ప్రత్యక్ష వ్యాఖ్యానం సైతం ఇలాగే గుడి ప్రాకారాన్ని దాటి ఇళ్లకు చేరింది. 1987 జనవరిలో దూరదర్శన్ రామాయణ ధారావాహిక మొదలుకాకముందే తెలుగువారికి ఆదివారాల ఇతిహాసం రేడియో ద్వారా అలవాటైంది.

ఈ కార్యక్రమాల్లో ప్రశ్నకు చోటుందన్నది నిజం. ఆ ప్రశ్న ఒక మతగ్రంథాల పరిధిలో తిరిగిందన్నదీ అంతే నిజం. రామాయణంలో ఒక పాత్ర నడత సబబేనా అని అడగవచ్చు. అసలు రామాయణాన్ని ప్రమాణంగా ఎందుకు తీసుకోవాలన్న తెనాలి హేతువాదుల ప్రశ్నకు ఆ కార్యక్రమం వేదిక కాదు. బైబిలు, ఖురాను చదివేవారి సందేహాలకు అంత పేరున్న వేదిక రేడియోలో ఏర్పడలేదు.

సేద్యం, నాటకం, పాట

రోజులో అత్యధిక సమయం మతంతో పనిలేని కార్యక్రమాలదే. వార్తలు, వాతావరణం, పాడిపంటలు, ఆరోగ్య ప్రసంగాలు, బాలల, మహిళల కార్యక్రమాలు డెల్టా జీవితాన్ని మార్చాయి. విత్తనం, ఎరువు, పురుగుమందు, పంటకాలవల్లో నీటి విడుదల గురించి రైతు వినే మాటకు కులమతాలు అడ్డురాలేదు. ఊరి మధ్య పంచాయతీ రేడియో దగ్గర కూర్చున్నవారు అదే సాయంత్రం రైతుకు చెప్పే సలహా, హరికథ, వార్తలు వరసగా వినేవారు. ఒకే కేంద్రం, ఒకే పౌనఃపున్యం కావడం వల్ల తన నమ్మకానికి చెందని కార్యక్రమం కూడా చెవిన పడక తప్పేది కాదు. ఈ వరసలో ఉన్న బలం తర్వాతి కాలంలో అది పోయినప్పుడే తెలిసింది.

నాటక విభాగం సంస్కరణ గొంతును బలంగా వినిపించింది. గురజాడ కన్యాశుల్కం, కాళ్లకూరి నారాయణరావు వరవిక్రయం రేడియోలో కొత్త తరాలను చేరాయి. ఆడపిల్లల అమ్మకాన్ని, వరకట్నాన్ని, దొంగ సన్యాసులను ఈ నాటకాలు ఎండగట్టాయి. నాటక ప్రయోక్తగా విజయవాడ కేంద్రంలో పనిచేసిన బందా కనకలింగేశ్వరరావు (1907–1968) పౌరాణిక పద్యనాటకంలో పేరున్న నటుడు. కూచిపూడిలో సిద్ధేంద్ర కళాక్షేత్రం ఏర్పాటుకు పాటుపడినవారు. పద్యనాటకం, సంఘసంస్కరణ నాటకం ఒకే స్టూడియోలో, తరచు ఒకే నటుల గొంతుల్లో సిద్ధమయ్యాయి. లలితగీతం భక్తిగీతానికి జంటగా పెరిగింది. ఈ మాసపు పాట వంటి కార్యక్రమాలు ప్రకృతి, దేశం, శ్రమ, ప్రేమ గురించిన గీతాలను ఇంటివారు నేర్చుకునేలా చేశాయి.

బుర్రకథ ప్రయాణం ఈ చరిత్రలో ప్రత్యేకమైనది. శైవ జంగాలు చెప్పిన జంగంకథ నుంచి ఎదిగిన ఈ రూపాన్ని 1940ల్లో ప్రజానాట్యమండలి రైతు, కూలి పోరాటాల కథకు వాడింది. గుంటూరు జిల్లా పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్ (1920–1997) దానికి పర్యాయపదమయ్యారు. మద్రాసు ప్రభుత్వం ఒకప్పుడు ఆ ప్రదర్శనలను నిషేధించింది. స్వాతంత్ర్యం తర్వాత అదే కళారూపాన్ని ప్రభుత్వ ప్రచారం, రేడియో గ్రామీణ కార్యక్రమాలు పంచవర్ష ప్రణాళికల గురించి, కుటుంబ నియంత్రణ గురించి చెప్పడానికి వాడుకున్నాయి. నాజర్‌కు 1986లో పద్మశ్రీ లభించింది. శివకథతో మొదలై కమ్యూనిస్టు పాటగా మారి, చివరకు ప్రభుత్వ సందేశానికి వాహనమైన కళను ఒక ముస్లిం కళాకారుడు శిఖరానికి చేర్చాడు. మతం, లౌకికత రెండు వేర్వేరు గదులని అనుకునేవారికి డెల్టా ఇచ్చే జవాబు ఇదే.

సాహిత్యం దారిన వచ్చిన మరో గొంతు గుర్రం జాషువా (1895–1971)ది. వినుకొండలో క్రైస్తవ దళిత కుటుంబంలో పుట్టిన ఈ కవి గబ్బిలంలో ఒక దళితుడి గోడును కాశీ విశ్వనాథుడికి పంపారు. క్రీస్తు చరిత్ర రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందారు. 1957 నుంచి 1959 వరకు ఆయన మద్రాసు రేడియోలో కార్యక్రమ నిర్మాతగా పనిచేశారు. రేడియో ఆయనను క్రైస్తవుల ప్రతినిధిగా పిలవలేదు, కవిగా పిలిచింది. పద్యం మీద ఆయనకున్న అధికారం ముందు కులం, మతం పేరిట వేసిన అడ్డుగోడలు నిలవలేకపోయాయి. అయితే పద్యవిద్యలో అంతటి ప్రతిభ ఉన్నవారికే తెరుచుకున్న తలుపు, ఆ వాడల్లోని మామూలు మనిషికి తెరుచుకోలేదు.

నాస్తికుల ప్రశ్న

పటమట నాస్తిక కేంద్రం, బందరు రోడ్డు మీది ఆకాశవాణి కేంద్రం ఒకే ఊళ్లో ఉన్నాయి. గోరా సహపంక్తి భోజనాలు, కులాంతర వివాహాలు జరిపించారు. నిప్పుల మీద నడకలో మహిమ లేదని జనం ముందు నడిపించి చూపారు. గాంధీతో తన సంభాషణలను ‘యాన్ ఎథీయిస్ట్ విత్ గాంధీ’ పేరుతో ఇంగ్లీషులో గ్రంథస్థం చేశారు. 1972 డిసెంబరులో ప్రపంచ నాస్తిక మహాసభ విజయవాడలో జరిగింది. జాషువా కుమార్తె హేమలత, గోరా కుమారుడు లవణం దంపతులై సంస్కరణోద్యమంలో పనిచేశారు. డెల్టా సాంఘిక చరిత్రలో ఇంత స్థానం ఉన్న ఈ ఆలోచనకు, భక్తిరంజనిలా రోజూ వచ్చే సొంత కార్యక్రమం రేడియోలో ఏర్పడలేదు.

దీనికి కారణం వ్యవస్థలోనే ఉంది. మతాన్ని దూషించకూడదన్న నియమం శాంతికి అవసరం. కాని దేవుడు లేడని సౌమ్యంగా వాదించినా కొందరికి అది దూషణగానే వినిపిస్తుంది. ఏ అధికారి ఆ తంటా తలకెత్తుకుంటాడు? బ్రిటన్‌లోనూ ఇదే జరిగింది. 1955 జనవరిలో అబర్డీన్ విశ్వవిద్యాలయ అధ్యాపకురాలు మార్గరెట్ నైట్ మతంతో పనిలేకుండా పిల్లలకు నీతి నేర్పవచ్చని రేడియోలో రెండు ప్రసంగాలు చేస్తే, పత్రికలు ఆమె మీద విరుచుకుపడ్డాయి. అక్కడి ఉదయపు మతచింతన కార్యక్రమంలో మతం లేనివారికి చోటివ్వాలన్న వాదం దశాబ్దాల పాటు సాగింది. ప్రజారేడియో ఎక్కడైనా మతాల మధ్య సమతూకం గురించి ఆలోచించినంతగా, మతానికీ మతరాహిత్యానికీ మధ్య సమతూకం గురించి ఆలోచించలేదు.

తెలుగు రేడియోలో హేతువాదులు, మార్క్సిస్టులు రచయితల వేషంలో ప్రవేశించారు. శ్రీశ్రీ, కొడవటిగంటి కుటుంబరావు రేడియో నాటికలు రాశారు. వైద్యులు, శాస్త్రవేత్తలు ఆరోగ్య, విజ్ఞాన ప్రసంగాల్లో మూఢనమ్మకాలను ఖండించారు. 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 51ఎ అధికరణం శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించడం, మతభేదాలకు అతీతంగా సోదరభావాన్ని పెంచడం పౌరుల విధులని చెప్పింది. ఆ మాటతో విజ్ఞాన కార్యక్రమాలకు రాజ్యాంగ బలం చేకూరింది. హేతువాద దర్శనాన్ని దాని పేరుతోనే వినిపించే ధైర్యం మాత్రం అరుదుగానే కనిపించింది.

దూరం నుంచి వచ్చిన తరంగాలు

దేశీయ రేడియోలో బోధకు చోటు లేకపోవడంతో క్రైస్తవ సంస్థలు విదేశీ తరంగాలను ఆశ్రయించాయి. మనీలాలో 1969లో ప్రారంభమైన కతోలిక రేడియో వెరిటాస్ ఆసియా భాషల్లో ప్రసారాలు చేసింది. వాటిలో తెలుగు కూడా ఉంది. 1970లో సీషెల్స్ దీవుల నుంచి ఫెబా రేడియో, 1978లో శ్రీలంకలోని పుత్తళం నుంచి ట్రాన్స్ వరల్డ్ రేడియో శక్తిమంతమైన ప్రసారాలు మొదలుపెట్టాయి. తెలుగు ప్రసంగం, తెలుగు కీర్తన, శ్రోతల ఉత్తరాలకు జవాబులు ఇవే వాటి సామగ్రి. డెల్టా పల్లెల్లో ట్రాన్సిస్టరు సెట్లు చవకబడ్డాక సాయంత్రాలు చాలా క్రైస్తవ గృహాలు వీటికి ట్యూన్ చేసేవి.

దీని పర్యవసానం ఆలోచించదగ్గది. ఊళ్లోని ప్రజారేడియోలో తగినంత వినిపించని గొంతు సముద్రాలు దాటి వచ్చింది. అది తనవారికే వినిపించింది. పక్కింటి హిందువు, ముస్లిం ఆ తరంగాన్ని తిప్పలేదు. తెలుగు క్రైస్తవ కీర్తన పుట్టి వందేళ్లు దాటినా, రామదాసు కీర్తనలా అందరి పాట కాలేకపోవడానికి ఈ వేర్పాటు ఒక కారణం.

ఎవరి వాహిని వారిది

1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. జస్టిస్ పి.బి. సావంత్‌తో పాటు తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఆ తీర్పు రాసినవారిలో ఉన్నారు. తరంగాల మీద ప్రభుత్వానికి గాని, ధనవంతులకు గాని గుత్తాధిపత్యం ఉండకూడదన్నది దాని సారం. 1990లో చేసిన ప్రసారభారతి చట్టం 1997లో అమలులోకి వచ్చి ఆకాశవాణిని, దూరదర్శన్‌ను ఒక స్వతంత్ర సంస్థ కిందికి తెచ్చింది. వివిధ ప్రాంతాల సంస్కృతులకు, భాషలకు తగిన చోటివ్వడం, అంటరానితనం వంటి దురాచారాలను ఎదుర్కోవడం ఆ సంస్థ విధులుగా చట్టంలోనే రాశారు.

ప్రైవేటు ఎఫ్.ఎం. రేడియో విధానం మతసంస్థలకు లైసెన్సు నిరాకరించింది. శాటిలైట్ టీవీకి అలాంటి అడ్డు లేకపోయింది. 2007లో భక్తి టీవీ, 2008లో తిరుమల తిరుపతి దేవస్థానాల శ్రీ వేంకటేశ్వర భక్తి ఛానల్ వచ్చాయి. ఆరాధన, శుభవార్త వంటి తెలుగు క్రైస్తవ ఛానళ్లు వచ్చాయి. కేబుల్ నిబంధనలు మతాలను దూషించే కార్యక్రమాలనే కాక మూఢనమ్మకాలను ప్రోత్సహించేవాటినీ నిషేధించాయి. అయినా జాతకాలు, రక్షరేకులు, అద్భుత స్వస్థతలు తెర మీద ధారాళంగా అమ్ముడవుతున్నాయి. వెనకటికి రేడియోలో చోటు దక్కని గొంతులకు ఇప్పుడు సొంత వేదికలున్నాయి, అది న్యాయమైన లాభం. ఒక మతంవారు మరొక మతం పాట యాదృచ్ఛికంగా వినే అవకాశం పోయింది, అది నష్టం. 24 గంటలూ ఒకే నమ్మకం మాట్లాడే ఛానల్‌లో శ్రోత ప్రశ్నకు, పొరుగువాడి సందేహానికి చోటు ఉండదు.

విజయవాడ కేంద్రం ప్రసారాలు ఇప్పటికీ కొనసాగుతున్నాయి. రెయిన్‌బో కృష్ణవేణి ఎఫ్.ఎం. 102.2 పౌనఃపున్యంలో వస్తుంది. 2014లో రాష్ట్ర విభజన తర్వాత దూరదర్శన్ సప్తగిరి ఛానల్ ఆంధ్రప్రదేశ్ కోసం విజయవాడ కేంద్రంగా నడుస్తోంది. భక్తిరంజని పాటలు ఇంటర్నెట్ ద్వారా ప్రపంచంలోని తెలుగువారికి అందుతున్నాయి. ప్రైవేటు వాహినులు ఎన్ని వచ్చినా, అందరికీ చెందిన వేదిక అవసరం తీరలేదు. మతాన్ని కళగా వినిపించి కోట్లమందిని ఒకే పాటకు చేర్చడం విజయవాడ రేడియో సాధించిన మేలు. కళలో తర్ఫీదు పొందని గొంతులను, నమ్మకం లేదని చెప్పే గొంతులను అదే వరసలో కూర్చోబెట్టడం అది పూర్తిచేయని పని. ప్రసారభారతి చట్టంలో రాసిన విధులు ఆ పనికి ఇప్పటికే అధికారం ఇచ్చాయి. తరంగాలు ప్రజలవన్న తీర్పు ఆ ప్రజల్లో గుణదల యాత్రికుడు, ఇంద్రకీలాద్రి భవానీ భక్తుడు, కొండపల్లి ముస్లిం, పటమట నాస్తికుడు సమాన హక్కుదారులని చెబుతోంది.